యాక్సిల్ పోయిందని ఎవరు తేల్చాలి?

మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమంటోందని కారు షెడ్డులో వదిలితే, చెన్నైలో ఏ పేట మెకానిక్ అయినా రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేస్తాడు: “యాక్సిల్ పోయిడుచ్చు సార్.” చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాని బాల్ జాయింట్ వదులైనా, స్టెబిలైజర్ లింక్ అరిగినా, వీల్ బేరింగ్ మూలిగినా, ఇంజన్ మౌంట్ చిరిగినా కూడా అదే తీర్పు వినిపిస్తుంటుంది. ఇందులో మెకానిక్ దురాశ కన్నా తొందర పాలే ఎక్కువ. వెనక నాలుగు కార్లు నిలబడి ఉండగా, ఇరుకు సందులో ఇరవై అడుగులు నడిపి చెప్పమంటే ఎవరైనా అలాగే చెబుతారు.

ఇంట్లో యాక్సిల్ మార్చుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. పోయింది యాక్సిలేనా అని తేల్చే పని మాత్రం కారున్నవాళ్లదే అని నా వాదన. దానికి ఖాళీ జాగా, ఒక తోడు మనిషి, ఒక గంట తీరిక కావాలి. షెడ్డులో ఈ మూడూ ఒక్కసారిగా దొరకవు. అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగులో ఆదివారం పొద్దున్నే దొరుకుతాయి. మార్చే పని కూడా చేతనైతే చేసుకోండి, చేతకాకపోతే షెడ్డుకే ఇవ్వండి, తప్పేమీ లేదు. కాని ఏది మార్చాలో మీకు తెలిసి ఇవ్వండి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో యాక్సిల్ అంటే వెనకదే. బలమంతా వెనక చక్రాలకు పోయేది. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద లెక్క తిరగబడింది. కారును లాగేదీ ముందు చక్రమే, మలుపు తిరిగేదీ అదే, గుంతలో ఎగిరిపడేదీ అదే. ఇన్ని పనులు ఒంటి ఇనుప కడ్డీ వల్ల కాదు కనుక గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పోయే ప్రతి షాఫ్టుకీ (ఇప్పుడు యాక్సిల్ అంటున్నది దీన్నే) రెండు కీళ్లుంటాయి, వీటినే సీవీ జాయింట్లు అంటారు. చక్రం వైపుది ఔటర్ జాయింట్. దీని కప్పులో ఆరు గాడులు, ఒక్కో గాడిలో ఒక ఉక్కు గోళీ. ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920ల్లో రూపొందించిన ఏర్పాటు ఇది, ఇప్పటికీ దాదాపు అలాగే నడుస్తోంది. గేర్‌బాక్స్ వైపుది ఇన్నర్ జాయింట్. చిన్న కార్లలో ఎక్కువగా మూడు రోలర్ల ట్రైపాడ్ ఉంటుంది. ఇది వంగడమే కాదు, లోపలికీ బయటికీ జారుతుంది కూడా. ఈ జారుడు సంగతి గుర్తుంచుకోండి, దీని పేరు మీద బాగున్న యాక్సిళ్లు ఎన్నో పాత ఇనుములోకి పోయాయి.

రెండు కీళ్లకూ ముడతల రబ్బరు బూట్లుంటాయి, లోపల నల్లటి మాలిబ్డినమ్ గ్రీజు. ఈ గ్రీజు శుభ్రంగా ఉన్నన్నాళ్లూ ఉక్కు అరగదు. లక్ష కిలోమీటర్లు దాటినా చెక్కుచెదరని జాయింట్లు మామూలే. అంటే యాక్సిల్ దానంతటది చెడడం అరుదు, ముందు బూటు చిరుగుతుంది. ఎండకు, వయసుకు రబ్బరు ముడతల లోపలి వైపు బీటలు వారుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఆ బీటలు తెరుచుకుంటాయి. చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఆ దారినే దుమ్మూ నీళ్లూ లోపలికి పోతాయి. చెన్నైలో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు ఉప్పుగాలి. అది బూటునేమీ చేయదు గాని దాన్ని పట్టి ఉంచే క్లిప్పును తుప్పుతో తినేస్తుంది. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల నీళ్లు. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డ కార్లకు ఇంజను చూపించుకున్నవాళ్లున్నారు, సీట్లు ఎండబెట్టుకున్నవాళ్లున్నారు. వంగి బూట్లు చూసినవాళ్లు తక్కువ. చిరిగిన బూటులోకి బురదనీళ్లు పోతే జాయింటుకు ఇక కొన్ని వారాలే.

కాబట్టి సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి స్టీరింగు ఒక వైపుకి పూర్తిగా తిప్పి, చక్రం వెనక టార్చి వేసి చూడండి. తర్వాత రెండో వైపుకి తిప్పి అటూ చూడండి. రిమ్ము లోపలి అంచున, షాక్ అబ్సార్బర్ మీద, బ్రేకు హోస్ మీద నల్లటి గ్రీజు చారలా పడి ఉంటే ఔటర్ బూటు చిరిగినట్టే. పల్చగా, గంధకం వాసనతో ఉంటే అది గేర్ ఆయిల్, సీలు కారుతోంది. రెండింటినీ ఒకటిగా చూడొద్దు, మందులు వేరు.

చప్పుడు వినే పద్ధతి

మొదటి పరీక్షకు కారు కదలక్కర్లేదు. ఇంజను ఆన్ చేసి, నిలబెట్టిన చోటే స్టీరింగు అటూ ఇటూ తిప్పండి. అప్పుడే కిర్రుమన్నా, టంగుమన్నా అది యాక్సిల్ కాదు. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన కంబం) పైనుండే మౌంటో, స్ప్రింగో, స్టీరింగు భాగమో అయ్యుంటుంది. అరిగిన సీవీ జాయింటు మోగాలంటే చక్రం తిరగాలి, దాని మీద బలం పడాలి.

తర్వాత స్టీరింగు ఇక తిరగనంత వరకు తిప్పి పెట్టి, మొదటి గేరులో, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిప్పండి. రెండు వైపులకీ, ముందుకీ, రివర్సులోనూ. తోడు మనిషి బయట నిలబడాలి. మనిషి లేకపోతే అద్దాలు దించి, కాంపౌండు గోడ పక్కగా నడపండి, గోడకు తగిలి చప్పుడు స్పష్టంగా తిరిగి వస్తుంది. టకటక చక్రం వేగంతో పాటు పెరిగి, కాలు తీయగానే తగ్గితే ఔటర్ జాయింటే. ఏ వైపుది? ఎడమకు తిప్పితే కుడిది, కుడికి తిప్పితే ఎడమది అని ఒక సూత్రం అందరి నోటా ఉంది. మలుపులో బయటి చక్రం మీద బరువు ఎక్కువ, లోపలి చక్రానికి కోణం ఎక్కువ. రెండింటిలో ఏదైనా మోగొచ్చు. సూత్రాన్ని నమ్మి తప్పు వైపు యాక్సిల్ కొనుక్కోవడం కన్నా బయట నిలబడిన మనిషి చెవిని నమ్మడం మేలు.

రివర్సు నుంచి ఫస్టుకు మార్చి కదలగానే ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంటే కథ వేరు. చక్రాన్ని మోసే హబ్బుకు షాఫ్టును బిగించే నట్టు బిగువు తగ్గి, షాఫ్టు కొసన ఉండే స్ప్లైన్ పళ్లు హబ్బులో రవ్వంత కదిలినా ఇలాగే ఉంటుంది. ఇంజన్ మౌంటు చిరిగినా ఇలాగే ఉంటుంది. బానెట్ ఎత్తి, తోడు మనిషిని బ్రేకు మీద కాలు పెట్టి క్లచ్చు మెల్లగా వదలమనండి, పక్కకు నిలబడి చూడండి. ఇంజను ఒక్క పెట్టున లేచి కూర్చుంటే మౌంటును చూసుకోవాలి.

ఇన్నర్ జాయింటు మలుపులో మోగదు. అది పోతే తిన్నటి రోడ్డు మీద, పికప్ ఇచ్చేటప్పుడు కారు అడ్డంగా వణుకుతుంది, కాలు తీయగానే ఆగుతుంది. తెల్లవారుజామున ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 50 నుంచి 80కి లాగి చూడండి. కాలు తీసినా 80, 90 దగ్గర స్టీరింగు వణుకుతూనే ఉంటే వీల్ బ్యాలెన్సింగు చేయించండి. వేగంతో పాటు పెరిగే ‘ఊఁ’ అనే మూలుగు, మెల్లగా ఎడమకూ కుడికీ ఊపినప్పుడు మారితే వీల్ బేరింగు. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రమే కొట్టుకుంటే లింకులూ బుష్షులూ బాల్ జాయింట్లూ చూడాలి. యాక్సిల్ జోలికి వెళ్లకండి.

ఆఖరున చక్రం లేపి, స్టాండు మీద పెట్టి చేత్తో చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట (వదులు) తెలిస్తే బేరింగు లేదా బాల్ జాయింటు, పక్కల పట్టి ఊపితే ఆట తెలిస్తే టై రాడ్. తర్వాత చక్రాన్ని కదలకుండా పట్టించి, షాఫ్టును రెండు చేతులతో మెలితిప్పండి. ఔటర్ దగ్గర టక్కుమనే ఆట ఉండకూడదు. ఇన్నర్ దగ్గర మెలికలో కొంచెం ఆట, లోపలికీ బయటికీ జారడం మామూలే. “చూడండి సార్, ఎలా ఊగుతోందో” అని షాఫ్టును జార్చి చూపించేవాళ్లుంటారు. అది ఊగాల్సిందే, ఊగకపోతేనే తంటా.

బూటా, జాయింటా, మొత్తం యాక్సిలా

బూటు చిరిగింది, చప్పుడు లేదు. అప్పుడు గ్రీజు కొంచెం తీసి వేళ్ల మధ్య నలపండి. నున్నగా ఉంటే జాయింటు విప్పి, కడిగి, కొత్త బూటు వేస్తే చాలు. ఇసుక తగిలితే, లేదా నీళ్లు కలిసి బూడిదరంగుకి తిరిగి ఉంటే, ఇప్పుడు చప్పుడు లేకపోయినా త్వరలోనే వస్తుంది. బూటు కిట్టు వందల్లో, యాక్సిల్ అసెంబ్లీ వేలల్లో. ఆలస్యం ఖరీదు ఈ తేడాయే.

కిట్టులో బూటు, రెండు క్లిప్పులు, గ్రీజు ప్యాకెట్టు, కొన్నిట్లో సర్‌క్లిప్ (షాఫ్టు ఊడకుండా పట్టే సన్నటి ఉంగరం) కూడా ఉంటాయి. ఆ ప్యాకెట్టు మొత్తం వాడాలి, సుమారు 80 నుంచి 120 గ్రాములుంటుంది. సగం జాయింటులోకి కుక్కి, మిగతాది బూటులో వేయాలి. చవగ్గా దొరుకుతుందని మామూలు పసుప్పచ్చ చాసిస్ గ్రీజు వేస్తే, గోళీల మధ్య ఒత్తిడికి అది నిలవదు. క్లిప్పు బదులు కేబుల్ టై బిగించడం, షాఫ్టు విప్పకుండా అతికించే చీలిక బూటు వేయడం పది రోజుల ముచ్చట.

చప్పుడు మొదలైందంటే గాడుల్లో గుంటలు పడ్డట్టే, గ్రీజు వాటిని పూడ్చదు. ఔటర్ జాయింటు ఒక్కటే కొత్తది వేయొచ్చు. లేదా మొత్తం అసెంబ్లీ. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి రుచించకపోవచ్చు. పేరూ ఊరూ లేని కొత్త అసెంబ్లీ కన్నా, కంపెనీ పాత షాఫ్టుకు మంచి రకం ఔటర్ జాయింటు కిట్టు వేసుకోవడమే నయం. కంపెనీ షాఫ్టు ఉక్కు, ఇన్నర్ జాయింటు సాధారణంగా బాగానే ఉంటాయి. చవక అసెంబ్లీల్లో తరచూ ఎదురయ్యే సమస్య ఏమిటంటే, చప్పుడు పోతుంది గాని కొత్త వణుకు వస్తుంది.

చెన్నైలో కొత్త సామాను జీపీ రోడ్డులో, పాత సామాను పుదుపేటలో. ఎక్కడ కొన్నా పాత యాక్సిల్ పట్టుకెళ్లడం ఉత్తమం. కుదరకపోతే రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో, చాసిస్ నంబరు తీసుకెళ్లండి. గేర్‌బాక్స్ సరిగ్గా మధ్యలో ఉండదు కాబట్టి కుడి ఎడమ పొడవులు వేరు. మాన్యువల్‌కీ ఆటోమేటిక్‌కీ ఒకటే కాకపోవచ్చు. రెండు కొసలా స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టండి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే, పాత జాయింటు మీద పళ్ల రింగు ఉంటే కొత్తదాని మీదా అన్నే పళ్లతో ఉండాలి. అది లేని జాయింటు వేస్తే కారు నడుస్తుంది గాని డ్యాష్‌బోర్డు మీద దీపం ఆరదు. పుదుపేట యాక్సిల్ అయితే బూట్లు చిట్లకుండా ఉన్నాయో లేదో చూసి, జాయింటును అన్ని వైపులకూ వంచి గరగర తెలుస్తుందేమో చూడండి. షాఫ్టును చదునైన చోట దొర్లించండి. గుద్దుకున్న బండి నుంచి తీసినదైతే వంకర అక్కడ బయటపడుతుంది.

విప్పడం, బిగించడం

ముందు రోజు రాత్రే లోయర్ బాల్ జాయింటు బోల్టుకూ హబ్బు నట్టుకూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. సముద్రం దగ్గరి కార్లకు ఇది తప్పనిసరి. స్తంభాల పార్కింగులో నేల నీళ్లు పోవడానికి కాస్త వాలుగా ఉంటుంది, కాబట్టి హ్యాండ్ బ్రేకుతో సరిపెట్టుకోక వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాలి. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలిచిన కారు కింద చెయ్యి పెట్టడం కూడా వద్దు, స్టాండు లేకపోతే పని మొదలుపెట్టొద్దు. కింద అట్టపెట్టెలు పరిస్తే అసోసియేషన్ సెక్రటరీ గారితో మాట పడే పని ఉండదు.

హబ్బు నట్టు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. చిన్న కార్లలో ఎక్కువగా 30 లేదా 32 మిల్లీమీటర్ల సాకెట్టు పడుతుంది. కొన్నిటికి స్ప్లిట్ పిన్ను, కొన్నిటికి నట్టు అంచును గాడిలోకి కొట్టి వంచి ఉంటుంది. ఆ వంపు ఉలితో ఎత్తకుండా తిప్పితే షాఫ్టు మరలే పోతాయి. తోడు మనిషి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. నట్టు కదిలితే చాలు, పూర్తిగా తీసేసి కారును దొర్లించొద్దు. బేరింగును పట్టి ఉంచేది ఆ బిగువే.

యాక్సిల్ లాగితే గేర్ ఆయిల్ కారిపోతుంది కనుక దాన్ని ముందే తీసేయాలి. అప్పుడు కింది ప్లగ్గు ముట్టుకోకముందే పైన ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్గు వస్తోందో లేదో చూడండి. అది తుప్పుతో రాకపోతే, ఆయిల్ పారబోసుకున్న కారు ఎటూ కదలదు. మాన్యువల్ గేర్‌బాక్సులో సుమారు 2 లీటర్లుంటుంది, రకమూ కొలతా ఓనర్స్ మాన్యువల్ ప్రకారం.

చక్రం తీశాక ఏబీఎస్ సెన్సరును ముందే విప్పి పక్కకు కట్టేయండి, దాని వైరు లాగుడుకు తెగుతుంది. ఇక హబ్బును పట్టి ఉంచే నకల్‌ను బయటికి తిప్పడానికి రెండు దారులు. స్ట్రట్ బోల్టులు రెండూ తీయడం సులభం, షెడ్డుల్లో ఎక్కువగా చేసేది అదే. కాని క్యాంబర్ (చక్రం నిలువు వాలు) కదులుతుంది, అలైన్‌మెంటు ఖర్చు వెంట వస్తుంది. లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు బోల్టు తీసి ఆర్మ్‌ను కిందికి నొక్కితే అలైన్‌మెంటు చెక్కుచెదరదు. నేను దీనికే ఓటు వేస్తాను. ఆ బోల్టు బాల్ జాయింటు పిన్ను గాడిలోంచి పోతుంది కాబట్టి వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. బ్రేకు హోస్ మీద బరువు పడకుండా చూసుకోండి.

షాఫ్టు కొస హబ్బులో పట్టేసి ఉంటే నట్టును కొసతో సమంగా తిరిగి ఎక్కించి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి. ఇనుప సుత్తితో నేరుగా కొడితే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక నట్టు ఎక్కదు. నాలుగు దెబ్బలకు రాకపోతే పుల్లర్ తెచ్చుకోవాలి. దెబ్బలు పెంచితే పోయేది వీల్ బేరింగు.

లోపలి కొసను షాఫ్టు పట్టుకుని లాగొద్దు. ట్రైపాడ్ కప్పులోంచి ఊడి బూటులో పడుతుంది, యాక్సిల్ మాత్రం గేర్‌బాక్సులోనే ఉంటుంది. కప్పుకూ గేర్‌బాక్సుకూ మధ్య టైర్ లివర్ దూర్చి ఒక్క కుదుపు ఇస్తే సర్‌క్లిప్ వదిలి బయటికి వస్తుంది. రెండు వైపులా మార్చాలన్నా ఒకటి పెట్టాకే రెండోది తీయండి. కొన్ని గేర్‌బాక్సుల్లో రెండూ ఒకేసారి తీస్తే, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ లోపలి పళ్లచక్రాలు పక్కకు జారతాయి, అప్పుడు గేర్‌బాక్సు దించాల్సిందే. ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి కార్లలో ఇన్నర్ జాయింటు ఫ్లాంజికి బోల్టులతో ఉంటుంది, అక్కడ ఈ లివర్ పని లేదు.

ఖాళీ దొరికింది కనుక ఆయిల్ సీలు మార్చండి. చిన్న ఖర్చు, తర్వాత మార్చాలంటే ఇదంతా మళ్లీ విప్పాలి. కొత్త సీలు పెదవికి గేర్ ఆయిల్ రాసి, సమంగా లోపలికి కొట్టాలి. కొత్త యాక్సిల్ దూర్చేటప్పుడు స్ప్లైన్ పళ్లు ఆ పెదవిని గీరకుండా మధ్యగా పట్టుకోవాలి. మార్చిన వారానికి ఆయిల్ కారడం మొదలైందంటే ఎక్కువసార్లు ఈ గీతే కారణం. కొత్త సర్‌క్లిప్ వేసి, ఒక్క తోపు తోస్తే క్లిక్కుమని కూర్చుంటుంది. కప్పు పట్టుకుని లాగి చూడండి, రాకూడదు. వస్తే అది దారిలో జారి బయటికి వస్తుంది, వెంటే ఆయిలూ.

ఇక హబ్బు నట్టు. అంచు వంచే రకమైతే కొత్తదే వేయాలి. చిన్న కార్లకు బిగువు సాధారణంగా 170 నుంచి 280 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మోడలు సంఖ్య సర్వీస్ మాన్యువల్లో చూసుకోండి. దుకాణాల్లో దొరికే చిన్న టార్క్ రించీలు చాలావరకు 110 దగ్గరే ఆగుతాయి, కొనేముందు అది చూడండి. మన దగ్గర బిగించే పద్ధతి పైపు తగిలించి దాని మీద నిలబడడం. మీటరు పైపు చివర 65 కిలోల మనిషి నిలబడితే 600 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అంటే కావలసినదానికి రెండింతల కన్నా ఎక్కువే. బేరింగు నలుగుతుంది, మరలు సాగుతాయి. తక్కువ బిగిస్తే బేరింగు వదులై కొన్ని వేల కిలోమీటర్లలో మూలుగు మొదలవుతుంది, నింద మళ్లీ యాక్సిల్ మీదికే వస్తుంది. టార్క్ రించీ లేకపోతే ఈ ఒక్క నట్టు కోసమైనా తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోండి. చక్రం నేలకు ఆనకముందే బ్రేకు తొక్కించి గట్టిగా బిగించి, తర్వాత దించి పూర్తి బిగువు ఇవ్వండి. అప్పుడే అంచు గాడిలోకి కొట్టడం, లేదా కొత్త స్ప్లిట్ పిన్ను వంచడం.

ఆయిల్ పోసేటప్పుడు కారు సమతలంగా ఉండాలి, ఫిల్లర్ రంధ్రం అంచుకి వచ్చి కారడం మొదలైతే నిండినట్టు. తీసిన ఆయిల్ వాననీటి కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకివ్వండి. మొదట పార్కింగులోనే రెండు వైపులకూ గుండ్రాలు తిప్పి, తర్వాత పది కిలోమీటర్లు నడిపి వచ్చి, ఇన్నర్ జాయింటు దగ్గర వేలితో తుడిచి చూడండి. తడి ఉండకూడదు. ఏబీఎస్ దీపం వెలిగితే సెన్సరు ప్లగ్గు పెట్టడం మరిచిపోయుంటారు. బాల్ జాయింటు దారిన విప్పినవాళ్లకు అలైన్‌మెంటు అక్కర్లేదు. స్ట్రట్ బోల్టులు విప్పినవాళ్లు ఆ వారమే చేయించుకోవాలి, లేకపోతే ముందు టైర్ల అంచులు అరిగిపోతాయి.